ఏర్పాట్ల యోహాను

రండి, ఆ పీట ఇటు జరుపుకొని నా మోకాలి పక్కనే కూర్చోండి. నా గొంతు ఇప్పుడు వాకిలి దాకా కూడా పోదు. దూరంగా కూర్చుంటే సగం మాటలు మీకు, సగం గాలికి. చేతిలో పనుంటే ఉండనీయండి, చింతపండు గింజలు తీస్తూ కూడా వినవచ్చు. మా నాయన సంగతి చెబుతాను. ఆయన పేరు యోహాను. ఆ పేరుకు ముందు ఊరు తగిలించిన మాట ఒకటుంది, అది తప్పు. ఆ తప్పు పుట్టిన పూట అక్కడున్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, పుస్తకాల భాష నాకు రాదు. గుర్తు మాత్రం ఉంది, మింగిన చాలాసేపటికి కూడా నాలుక మీద నిలిచే చేదు మందులాగా ఉంది.

పోయిన వారం మా మనవరాలు సునీత మార్కాపురం నుంచి గిద్దలూరికి నన్ను చూడ్డానికి వచ్చింది. చేతిలో ఒక రంగుల పుస్తకం. మా పాత చర్చి కథంతా అందులో అచ్చు వేశారట. చెప్పులు కూడా విడవకుండా, "అవ్వా, ముత్తాత పేరు పుస్తకంలో పడింది!" అని కేక పెట్టింది. చదవమన్నాను. "కోతకాలపు కూడికలో దొరసానిగారు గొప్ప సంగీత సభ జరిపిరి. చాపలు, బెంచీల ఏర్పాట్లు సోదరుడు యోహాను చూసెను" అని చదివింది. పిల్ల ముఖం వెలిగిపోతోంది. నేనేమో, "ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టుపో" అన్నాను. పిల్ల బిత్తరపోయింది. నేనే లేచి వంటింట్లోకి పోయి, ఊరగాయ జాడీ మీద మూతగా ఉన్న నల్లపలక తీసి, కొంగుతో తుడిచి దాని ఒళ్లో పెట్టాను. మూల విరిగిన పలక, మేకుతో గీసిన ఐదేసి గీతలు, గీతల మీద చుక్కలు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు. సునీత వేలు పెట్టి చదివింది: "అరేంజ్డ్ బై యోహాను." అంటే ఏందే అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏర్పాట్లు చేసింది యోహాను అని అవ్వా" అంది. డిగ్రీ చదివిన పిల్ల. ఆనాడు మా బడి పంతులు అన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా. అప్పుడు దాన్ని కూర్చోబెట్టి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మద్రాసు రాజ్యంలో ఉన్న రోజులు, యుద్ధం రోజులు. మా నాయన మార్కాపురం పలకల గనిలో పనిచేసేవాడు. భూమిలోంచి తీసిన నల్లరాతి దిమ్మెను ఉలి పెట్టి రేకులు రేకులుగా చీల్చడం ఆయన పని. సాయంత్రం నాయనకన్నా ముందు ఆ రాతి దుమ్ము వాసన ఇంటికి వచ్చేది, వాన పడకముందు కాలిన నేల వాసనలాంటిది. అమ్మ ఆయన్ను గడప లోపలికి రానిచ్చేది కాదు. వాకిట్లో రాతి మీద కూర్చోబెట్టి, రెండు కడవలు నెత్తిన పోసి, మూడుసార్లు పుక్కిలించి ఉమ్మిస్తే గాని జొన్న సంగటి ముద్ద కంచంలో పడేది కాదు. ఆ ఉమ్మినది బూడిద రంగులో ఉండేది. చిన్నప్పుడు మనుషులందరి ఉమ్మీ సాయంత్రానికి అదే రంగు అవుతుందనుకునేదాన్ని. తిన్నాక నాయన ఫిడేలు తీసేవాడు. రాచర్ల వైపు మా పాత ఊళ్లో చర్చికి వాయించే ఒక ముసలాయన దగ్గర చెవితోనే నేర్చుకున్నాడు. ఎండాకాలం తీగలు టపటపా తెగుతాయని అమ్మ ఒక తడిగుడ్డ పిండి ఆ పెట్టెలో పెట్టేది. సణుగుతూ పెట్టేది. "మనిషికి తడిపి, పెట్టెకు తడిపి, నా కొంగు ఎప్పుడు ఆరాల?" అనేది. కానీ ఒక్కరోజు కూడా మరిచేది కాదు.

ఆడపిల్లల బోర్డింగు చూసుకునే దొరసానమ్మ దగ్గర పెద్ద ఫిడేలు ఉండేది. సెల్లో అంటారు దాన్ని. పిల్ల అంత ఎత్తు, నేల మీద నిలబెట్టి, మోకాళ్ల మధ్య పెట్టుకొని వాయించాలి. గొంతు మాత్రం ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పెద్దమనిషి గొంతులా ఉండేది. దొరసానమ్మ వాళ్ల దేశం చర్చివాళ్లు ఒక పెట్టె నిండా ఫిడేళ్లు పంపారు. ఎనిమిది మామూలువి, వాటికన్నా కాస్త ఒళ్లున్నవి రెండు. బోర్డింగు పిల్లలకూ మాకూ ఆమె నేర్పింది. నాకొక చిన్నది, నాయనకు ఒళ్లున్నది ఒకటి ఇచ్చింది. మా ఇంట్లో వాటి పేర్లు వేరు. సెల్లో పెద్దామె, ఒళ్లున్నది నడిపామె, మామూలుది చిన్నామె. ముగ్గురు అక్కచెల్లెళ్లు. తీగల మీద లాగే కమాన్లకు వెంట్రుకలు ఊడిపోతే నాయన జట్కా మస్తాన్ సాబు దగ్గరికి పోయి గుర్రం తోక వెంట్రుకలు అడిగేవాడు. "ఏంది యోహానూ, తోకంతా నున్నగ జేస్తివి, నా గుర్రం ఈగల్ని దేంతో తోలుకోవాల, నీ ఫిడేలుతోనా?" అంటూనే ఇచ్చేవాడు.

దొరసానమ్మకు ఒక పాట మీద ప్రాణం. నూరేళ్ల కిందట జర్మనీ దేశంలో ఎవరో ఒకాయన, మనసు బాగలేని రోజుల్లో, ఐదుగురు ఒక గదిలో కూర్చొని వాయించుకోవడానికి రాశాడట. నలుగురివి కమాను వాయిద్యాలు, ఒకరిది పియానో. దొరసానమ్మ బంగళాలో పియానో ఉండేది గాని, మా ఎండకు పగిలి, చెదలు తిని, సగం మెట్లు నొక్కితే కర్ర చప్పుడే వచ్చేది. అందుకని ఆ పాటనంతా మార్చి, పెద్దామె ముందు నిలబడి పాడేట్టు, మిగతా ఫిడేళ్లన్నీ వెనక తోడు వచ్చేట్టు తిరగరాయాలని దొరసానమ్మ పట్టుబట్టింది. బడి పంతులు, "జర్మనీవాడితో యుద్ధం జరుగుతుంటే వాడి పాటా?" అని గొణిగాడు. అమ్మ అనుమానం ఇంకొకటి. "మాటల్లేని పాటంట! ఎవరికి పాడాల దాన్ని, దేవునికా, మనిషికా?" నాయన, "గనిలో ఒక్కడే కూర్చున్నోనికి" అన్నాడు.

కాగితం దొరకని రోజులు కదా, మార్చి రాయడమంతా పలకల మీదే. నాయన గని నుంచి అంచు విరిగినవి తెచ్చి, ఐదు గీతలు చెరగకుండా మేకుతో గీసి ఇచ్చేవాడు. దొరసానమ్మ బలపంతో చుక్కలు పెట్టేది, నచ్చకపోతే చెరిపేది. ఆ చుక్కలేందో నాయనకు నేర్పింది. అక్షరం రాని మనిషికి చుక్కలు వచ్చాయి చూడండి. తన పేరు తప్ప ఇంకేమీ రాయలేనివాడు, పలక చూసి పాడేవాడు. పంతులుకు అది కంటగింపు. వేసవి మొదలయ్యేసరికి దొరసానమ్మ చిక్కులో పడింది. రోజూ వట్టివేళ్ల తడికల చల్లదనంలో కూర్చొని రాస్తుంది, మేం వాయిస్తాం, ఆమె తల అడ్డంగా ఊపి పలకలన్నీ తుడిచేస్తుంది. ఒకరోజు బలపం విరిచి పారేసి, తన బైబిలు తెలుగులో, "యోహానూ, నేను ఓడిపోయితిని" అంది.

నాయన చేతులు కట్టుకొని నిలబడి, "ఒక్కమాట చెప్పొచ్చునా దొరసానమ్మా" అన్నాడు. చెప్పమంది. "పియానో ఒక్కతే పది వేళ్ల ఆస్తి పెట్టుకొని ఉండె. అది సచ్చిపాయె. ఇప్పుడు ఆ ఆస్తి పంచాల. పెద్దామెకు పాట ఇచ్చినారు, బాగుంది. మరి ఇన్నాళ్లు అడుగున బరువు మోసింది గూడా పెద్దామే గదా? ఆమెను తెచ్చి ముందర కూర్చోబెడితిరి, అడుగున ఎవరూ లేకపాయె. అందుకే పాట గాల్లో ఎగిరిపోతాంది." దొరసానమ్మ కళ్లు పెద్దవి చేసుకొని, "ఎవరు మోయవలెను?" అని అడిగింది. "నడిపామె. తీగ కొంచెం వదులు చేస్తే కిందికి దిగతది" అని, నాయన తన వాయిద్యం మెడ దగ్గర మర తిప్పి, తీగ సడలించి, ఒక్క లాగు లాగాడు. నేల కింద బండి పోయినట్టు వినిపించింది.

అక్కడితో ఆగలేదు. పియానో మోత, ఫిడేలు మోత ఒకటి కాదన్నాడు. "ఉలి దెబ్బ పడినప్పుడు టక్కని ఒక్క చప్పుడే. రాయి మోగేది ఆ తర్వాత. మీరు మాకు మోతే ఇచ్చినారు, దెబ్బ ఇయ్యలేదు" అని, చిన్నామెలు పట్టిన మాలో సగం మందిని వేలితో తీగ గిల్లమన్నాడు, సగం మందిని అదే క్షణాన కమానుతో మెల్లగా లాగమన్నాడు. గిల్లు, లాగు. మేం ఎనిమిదిమందిమి అట్లా చేసినప్పుడు చచ్చిన పియానో తడికల వెనక లేచి కూర్చున్నట్టయింది. దొరసానమ్మ ఏడ్చింది. "ఎట్లు తెలిసెను?" అంటే, "రాయి తన దారి తానే చెప్తది దొరసానమ్మా, ఏడ విచ్చుకోవాల్నో. నేను ఊరికే విన్నా" అన్నాడు. ఆ రోజు మొదలు కోతకాలం దాకా ఆదివారం మధ్యాహ్నాలన్నీ వాళ్లిద్దరూ పలకల ముందే. ఇంటికొచ్చి అమ్మతో, "ఈ పొద్దు పంపకం సగం తెగింది" అనేవాడు. పంపకం. మా ఇంట్లో ఆ పనికి అదే పేరు. అన్నదమ్ములు గట్లు వేసుకున్నట్టే, ఈ స్వరం నీకు, ఈ స్వరం నాకు.

పంపకం పూర్తయినరోజు దొరసానమ్మ దాచుకున్న నాలుగు మంచి కాగితాలు తీసి అంతా ఎత్తి రాసింది. పైన తన పేరు రాసుకుంటూ ఆగి, "నీ పేరును రాసెదను" అంది. నాయన నమ్మలేదు. "పలక మీద గూడా ఒకటి రాసిచ్చురి దొరసానమ్మా, ఇంట్లో పెట్టుకుంటా" అని తన పలక, మేకు అందించాడు. ఆమె చుక్కలూ, అడుగున ఆ ఇంగ్లీషు మాటా మేకుతోనే చెక్కింది. అదే ఇది; వాళ్ల సంగీతంలో ఒక పాటను వేరే వాయిద్యాలకు మార్చి రాయడాన్ని అరేంజ్ అంటారట. అంతకుముందు మా నాయన పేరు రాసిన చోట్లు రెండే: చర్చి పుస్తకంలో కూలి అని, గని పుస్తకంలో కూలి అని. ఆ సాయంత్రం అమ్మ రెండు కడవలు పోస్తుంటే, "మార్తా, కోతకాలం కూడికలో నా పేరు చదువుతారంట, పాటకు" అన్నాడు. అమ్మ మూడో కడవ కూడా పోసింది. ఆయనకు కావలసింది అదొక్కటే. పొలం అడగలేదు, పని అడగలేదు. ఈ పని నాది అని పదిమంది ముందు ఒక్కసారి వినబడాలని.

కోతకాలం కూడికకు మద్రాసు నుంచి పెద్ద దొర వచ్చాడు. బడి ముందు పందిరి. దర్శి, కొనకనమిట్ల నుంచి కూడా బండ్లు కట్టుకొని జనం వచ్చారు. కొర్ర కంకులు, గుమ్మడికాయలు, కట్టేసిన కోళ్లు కానుకల బల్ల మీద. మధ్యాహ్నం ఎండ పందిరి కంతల్లోంచి మా పలకల మీద పడుతోంది. నాయన ఉతికిన పంచె కట్టి, వెనక వరుసలో నడిపామెతో కూర్చున్నాడు. నేను ఆయన ముందు. అమ్మ ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద. దొరసానమ్మ రాసిచ్చిన ఇంగ్లీషు చీటీ పట్టుకొని పంతులు లేచాడు. మొదట పెద్ద దొర కోసం ఇంగ్లీషులో చదివాడు. అందులో యోహాను అన్న మాట నాకు వినబడింది, నా వీపుకు నాయన ఊపిరి తగిలింది. తర్వాత తెలుగులో: "ఈ సంగీతము దొరసానిగారిది. ఏర్పాట్లు యోహాను." అక్కడ ఆగితే కూడా సరిపోయేది. చీటీ మడిచి, చేయి చాపి, "అనగా, మీరు కూర్చున్న ఈ చాపలు, ఈ బెంచీలు, ఈ పందిరి" అన్నాడు.

జనం సంతోషంగా చప్పట్లు కొట్టారు. ఎవడో వెనక నుంచి, "యోహానన్నా, ఈడ చాప చినిగింది సూడు!" అని అరిచాడు. పందిరంతా నవ్వు. నాయన సగం లేచాడు, చేతిలో కమానుతో. అట్లాగే కూర్చున్నాడు. నేను దొరసానమ్మ వైపు చూశాను. ఆమెకు తెలుగు వచ్చు, మనకన్నా నిదానంగా మాట్లాడుతుంది గాని ప్రతి మాటా తెలుసు. ఆమె నోరు తెరిచింది. పెద్ద దొర ఆమెకేసి చూసి చిరునవ్వు నవ్వాడు. ఆమె నోరు మూసుకొని కమాను ఎత్తింది. మరి నేను? పదమూడేళ్ల నోరున్న పిల్లను, రోజంతా వాగేదాన్ని. "చాపలు కాదు, పాట" అని ఒక్కమాట అంటే అయిపోయేది. అనలేదు. ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నాను. అదీ మీకు చెప్పాల్సిందే కదా.

పాట మాత్రం నిలబడింది. పెద్దామె నడివీధిలో ఒంటరిగా నడిచినట్టు నడిచింది, మేం గిల్లాం, లాగాం, అడుగున నాయన మోశాడు. ఏడ్చే చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. పందిరి గుంజకు ఆనుకొని మస్తాన్ సాబు గట్టిగా, "నా గుర్రం బాగా వాయించింది" అన్నాడు. అయిపోయాక పెద్ద దొర దొరసానమ్మ చేయి పట్టుకొని చాలాసేపు ఊపాడు. పంతులు మా దగ్గరికి వచ్చి, "ఒరే యోహానూ, దొరగారు ఫలహారానికి పోయినాక ఈ బెంచీలు లోపల పెట్టు" అన్నాడు. నాయన నడిపామెను పెట్టెలో పడుకోబెట్టి, తడిగుడ్డ సర్ది, బెంచీ ఒక కొన ఎత్తాడు. రెండో కొన నేను ఎత్తాను. పంతులుకు ఇంగ్లీషు రాక అన్నాడంటారా? మద్రాసుకు అర్జీలు రాసే మనిషి. రాయి కొట్టేవాడు దొరల పాటను సరిచేశాడని తన నోటితో చెప్పడం ఆయన వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ నాయనను ముందు పెట్టుకొని బంగళాకు పోయింది. దొరసానమ్మ వరండాలోకి వచ్చి, తల వంచుకొని, "పంతులు పొరపాటు. యోహానూ, నీ పని దేవుడు ఎరుగును" అంది. అమ్మ, "దేవునికి ఎరుకే అమ్మగారూ. ఎరుక లేంది ఊరికి. ఊరికి చెప్పురి" అంది. పై ఆదివారం చెబుతానంది. పై ఆదివారం ఆమెకు తలనొప్పి. ఆ పై ఆదివారం పెద్ద దొర ఉత్తరం వచ్చింది, ఆ పాటను పెద్ద ఊళ్లో వాయించాలని. కాగితాలు పెట్టెలో పెట్టుకొని రైలెక్కింది. ఎండాకాలం కొండలకు పోయి, అటు నుంచి అటే తన దేశం పోయింది. ఫిడేళ్లు బీరువాలోకి, పలకలు కడిగి బడి పిల్లలకు. నాయనది ఒక్కటే మా ఇంట్లో మిగిలింది.

ఊళ్లో మాత్రం పేరు పడింది. ఏర్పాట్ల యోహాను. ఎవరింట్లో పెళ్లయినా, ప్రార్థన కూడికైనా, "ఏర్పాట్ల యోహానును పిలువురి, చాపలు ఏస్తాడు" అనేవారు. మంచి మనసుతోనే పిలిచేవారు, అదే ఇంకా కష్టం. అమ్మ పోవద్దనేది. నాయన పోయేవాడు. గనిలో పని ముగించి, దుమ్ముతోనే పోయి చాపలు పరిచి, బెంచీలు సర్ది వచ్చేవాడు. "ఏంది నీకీ ఖర్మ?" అని అమ్మ అడిగితే, "పేరు ఇచ్చినారు గదా, పని గూడా చేస్తే సరిపోతది" అన్నాడు. ఫిడేలు మళ్లీ తీయలేదు. అమ్మ తడిగుడ్డ పెట్టడం మాత్రం మానలేదు. మస్తాన్ సాబు ఒక్కడు, బజార్లో ఎదురుపడితే, జట్కా ఆపి మరీ, "సలాం ఫిడేలు యోహానూ" అనేవాడు. ఆ దుమ్మే చివరికి నాయన రొమ్ములో కూర్చుంది. ఆయన పోయిన రోజు వాకిట్లో జనం నిలబడే ఉన్నారు. చాపలు పరవాలని ఎవరికీ తోచలేదు; అది చూసేవాడు లోపల పడుకొని ఉన్నాడు.

 ఇదంతా విని సునీత ఫోను తీసి, పలక మీది చుక్కలు చూస్తూ ఏదో వెతికి, ఎవరినో అడిగి, ఆ జర్మనీ ఆయన పాట దొరికిందని వినిపించింది. ఈ రోజుల్లో ఎంత సులువు! ఆనాడు ఒక కాగితానికి గతిలేదు, ఇప్పుడు లోకంలోని పాటలన్నీ పిల్ల అరచేతిలో ఉన్నాయి. విన్నాను. చక్కని పియానో, నలుగురు తోడు, అంతా నున్నగా ఉంది. అదే పాట. కానీ నేల కింద బండి పోలేదు. "ఇది పంచకముందు పాటే" అన్నాను. పంచినాక పాట ఏ ఫోనులోనూ లేదు. ఆ కాగితాలు ఏ దేశంలో ఏ పెట్టె అడుగున ఉన్నాయో, వాటి మీద రెండో పేరు ఉందో, ఎత్తి రాసినప్పుడు రాలిపోయిందో ఎవరికి తెలుసు. ఇప్పుడు ఆ రంగుల పుస్తకం కూడా చాపలు, బెంచీలే అంటోంది.

"అయితే అవ్వా, అరేంజ్ అంటే తెలుగులో ఏమనాల?" అని అడిగింది సునీత. ఆ మాట మా ఇంట్లో అప్పుడే ఉంది. పంతులు మా నాయనను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు. పెన్ను తీయమన్నాను. పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయించి, పక్కన నేను చెబుతుంటే రాయించాను: పాట పంచినవాడు యోహాను. ఒక్క పుస్తకంలో ఒక్క వాక్యం. మిగతా పుస్తకాలన్నీ ఇళ్లిళ్లకూ పోయాయి, అది నాకు తెలుసు. పలక మాత్రం మళ్లీ జాడీ మీద పెట్టలేదు.

ఇక పొద్దు వాలుతోంది, లేవండి. మీ కడవ నిండుగా ఉండాలి, మీ పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ ఇంట్లో ఎవరు ఏ పని చేసినా, వాళ్లు కళ్లు తెరిచి ఉండగానే, ఆ పని పేరుతోనే నలుగురూ వాళ్లను పిలవాలి. పిలవని చోట నోరు తెరిచే పిల్ల ఒకతె మీ ఇంట్లో పుట్టాలి. మా ఇంట్లో పుట్టిన పిల్ల తెరవలేదు.